లాం ఫారం నుంచి మందుల కొట్టు దాకా

ఈ మధ్య విశ్వవిద్యాలయాల వార్తలు చదివేవారికి ఒక మాట తరచుగా తగులుతుంది: అవగాహనా ఒప్పందం. ఫలానా విశ్వవిద్యాలయం ఫలానా కంపెనీతో అవగాహనా ఒప్పందం కుదుర్చుకుంది, ఫలానా బోర్డుతో కుదుర్చుకుంది, ఇకమీదట ఇరుపక్షాలూ తమ నైపుణ్యాన్ని పంచుకుంటాయి అని వార్త. పక్కన ఫొటో. అటు నలుగురు, ఇటు నలుగురు, మధ్యలో రెండు అట్ట ఫైళ్లు. ఆ ఫొటోలో రైతు ఉండడు. ఒకవేళ ఉన్నా శాలువా కప్పించుకున్న అతిథిగా ఉంటాడే తప్ప సంతకం చేసేవాడిగా ఉండడు.

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. వ్యవసాయశాస్త్రం నా చదువు కాదు. అయినా ఈ విషయం మీద సాహిత్య పత్రికలో రాయటానికి నాకు రెండు కారణాలున్నాయి. నేను పుట్టి పెరిగిన చిలకలూరిపేట ప్రాంతపు నల్లరేగడి నేల, దాన్ని ఆనుకుని ఉన్న ప్రకాశం జిల్లా మెట్ట, ఈ 'నైపుణ్యం పంచుకోవటం' అనే వ్యవహారానికి వందేళ్లకు పైగా ప్రయోగశాలగా ఉన్నాయి. ఇది మొదటి కారణం. ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన ముడి భాష దగ్గర పడింది, ఆ ముడి పడిన చోట నేను కూడా ఉన్నాను. ఇది రెండో కారణం. భాష మన పని కాబట్టి ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంది.

ముందే నా వాదన చెబుతాను. జ్ఞానాన్ని పంచుకోవటం ఒక పని. ఆ జ్ఞానం మీద పెత్తనాన్ని పంచుకోవటం మరో పని. ఆ జ్ఞానం వికటించినప్పుడు నష్టాన్ని పంచుకోవటం ఇంకో పని. మన ప్రాంతంలో మొదటిది చాలాసార్లు జరిగింది. రెండోది అరుదుగా జరిగింది. మూడోది దాదాపు జరగలేదు.

1

మన మెట్ట పంటలకు బయటి ప్రపంచంతో సంబంధం కొత్తది కాదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండిన దేశవాళీ పత్తి ఒకప్పుడు కాకినాడ రేవు నుంచి ఓడలెక్కేది. అందుచేత విదేశీ వర్తకులు ఆ పత్తిని 'కొకనాడా' అని పిలిచారు. పండించిన ఊరి పేరు పోయి, ఎగుమతి చేసిన రేవు పేరు సరుకుకు నిలిచింది. ఎవరి కష్టానికి ఎవరి పేరు పడుతుందన్న ప్రశ్న అప్పుడే మొదలైందన్నమాట.

అయితే, పంట ఎలా పండించాలో రైతుకు నేర్పే పని కంపెనీ చేపట్టటం పొగాకుతో వచ్చింది. ఇంపీరియల్ టొబాకో కంపెనీకి అనుబంధంగా 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. మనవాళ్లు దాన్ని ఐ.ఎల్.టి.డి. అనే పిలిచారు. సిగరెట్టుకు కావలసిన వర్జీనియా పొగాకు మన నేలకు కొత్త పంట. నారుమడి ఎలా పోయాలి, ఆకు ఏ ఈడులో కొట్టాలి, బ్యారన్‌లో వేడి ఏ రోజు ఎంత ఉండాలి, ఇవన్నీ రైతు నేర్చుకోవలసి వచ్చింది. కంపెనీ నేర్పింది. 1936లో ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధనా సంస్థ సిగరెట్టు పొగాకు మీద పనిచేయటానికి గుంటూరులో ఒక ఉపకేంద్రం పెట్టింది. ప్రజల పన్నులతో నడిచే పరిశోధన, విదేశీ పెట్టుబడితో నడిచే వ్యాపారం ఒకే జిల్లాలో ఒకే ఆకు కోసం పనిచేశాయి. పేరు పెట్టలేదు గాని, నేటి భాషలో అది భాగస్వామ్యమే.

ఈ భాగస్వామ్యం వల్ల రైతుకు ఏమీ ఒరగలేదంటే అబద్ధం. మన రైతు ఆ విద్యను త్వరగా పట్టుకున్నాడు. ఊళ్లలో బ్యారన్లు లేచాయి, డబ్బు చూసినవాళ్లూ ఉన్నారు. కాని ఆరబెట్టి, కట్టలు కట్టి తీసుకుపోయిన ఆకు ఏ గ్రేడులోకి వస్తుందో చెప్పేది కొనేవాడు. పండించే విద్య రైతుకు దక్కింది, పండినదానికి విలువ కట్టే విద్య కొనుగోలుదారు దగ్గరే ఉండిపోయింది. ఈ తేడాను కొంతవరకైనా సరిచేయటానికి 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు రావలసి వచ్చింది. మన రాష్ట్రంలో బోర్డు వేలం కేంద్రాలు 1985లో గాని మొదలుకాలేదు. ఆకు ఎలా పండించాలో చెప్పటానికి కంపెనీకి పట్టిన కాలం కొద్దిపాటిది. ఆకు ధర నలుగురి ఎదుట పలకటానికి పట్టిన కాలం అర్ధ శతాబ్దం పైమాట.

2

రెండో ధార లాం ఫారానిది. గుంటూరు నుంచి అమరావతి పోయే దారిలో ఉన్న లాం పరిశోధనా కేంద్రం 1922లో మొదలైంది. మా చిన్నతనంలో ఎడ్లబండి మీద అటు పోతున్నప్పుడు పెద్దవాళ్లు ఆ పొలాలు చూపించి 'అది సర్కారు ఫారం, అక్కడ మిరపకాయకు నంబరు వేస్తారు' అనేవాళ్లు. మిరపకాయకు నంబరేమిటని మేము నవ్వుకునేవాళ్లం. ఆ నంబర్లే తర్వాత మా కల్లాల్లోకి వచ్చాయి. జి-1, జి-2, జి-3 రకాలు, భాగ్యలక్ష్మి పేరుతో జి-4, ఆంధ్రజ్యోతి పేరుతో జి-5, ఆ తర్వాత ఎల్.సి.ఏ. వరుస.

ఈ రకాల్లో గమనించదగ్గ సంగతి ఒకటుంది. రైతుల పొలాల్లో తరతరాలుగా ఉన్న మిరప నుంచి మంచి మొక్కలను ఏరుకోవటంతో ఈ పని మొదలైంది. అంటే విద్య పొలం నుంచి ఫారానికి పోయి, మెరుగై మళ్లీ పొలానికి వచ్చింది. వచ్చిన రకం రైతు చేతిలో నిలిచింది. ఒక ఏడాది విత్తనం తెచ్చుకుంటే, మంచి కాయ ఏరి, ఎండబెట్టి, గింజ తీసి, వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. పక్కవాడికి ఇచ్చుకోవచ్చు. మా ఇంట్లో ఆ గింజ ఏరటం మా నాయనమ్మ పని. ఆమె అక్షరం ముక్క రానిది. లాం శాస్త్రవేత్త ఎవరో ఆమెకు తెలియదు. కాని ఆ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఎంపికను ఏటేటా కొనసాగించింది ఆమే. నిజమైన భాగస్వామ్యం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె చాట.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాన్ని తీర్చిదిద్దటంలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం సహకరించింది. ఆ దేశంలో 1862 నాటి చట్టంతో, ప్రభుత్వం ఇచ్చిన భూముల ఆధారంగా పుట్టిన కళాశాలల సంప్రదాయం అది. పాఠం చెప్పటం, పరిశోధన చేయటం, దాన్ని రైతు గడప దాకా తీసుకుపోవటం అనే మూడు పనులూ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆ సంప్రదాయపు సారం. మూడో పని కోసం వాళ్లు 1914లో ప్రత్యేకంగా మరో చట్టం చేసుకున్నారు.

మనకు మొదటి రెండు పనులు విశ్వవిద్యాలయానికి వచ్చాయి. మూడోది ప్రధానంగా ప్రభుత్వ వ్యవసాయ శాఖ చేతిలోనే ఉండిపోయింది. కనిపెట్టేవాడు ఒక భవనంలో, చెప్పేవాడు మరో భవనంలో. ఊరికి వచ్చే గ్రామసేవకుడి మీద వ్యవసాయం ఒక్కటే కాదు, ఇంకా పది పనులు. ఈ రెండు భవనాల మధ్య ఖాళీ స్థలం ఒకటి మిగిలిపోయింది. ఖాళీ స్థలం ఎక్కడున్నా అక్కడ ఎవరో ఒకరు కొట్టు పెడతారు.

3

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మన పల్లెల్లో డబ్బు కదలిక పెరిగింది. కొత్త పంటలకు పెట్టుబడి పెట్టే తెగువ వచ్చింది. సరిగ్గా అప్పుడే పత్తిలో పెద్ద మార్పు జరిగింది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 వచ్చింది. వాణిజ్య స్థాయిలో సాగైన హైబ్రిడ్ పత్తిలో ప్రపంచంలోనే అది మొదటిది. 1972లో ధార్వాడ్ నుంచి కటార్కి రూపొందించిన వరలక్ష్మి వచ్చింది. ఈ రెండూ ప్రభుత్వ శాస్త్రవేత్తల విజయాలు, గర్వించదగినవి.

కాని హైబ్రిడ్ విత్తనానికి ఒక స్వభావం ఉంది. దాని గింజ దాచుకుని మరుసటి ఏడు వేస్తే పైరు ఒక్క తీరుగా రాదు. ఏటా కొత్త విత్తనం కొనాలి. మా నాయనమ్మ చాటకు అక్కడ పని లేకుండా పోయింది. సర్కారు ఫారంలో పుట్టిన విద్యే, తనకు తెలియకుండా విత్తన వ్యాపారానికి తలుపు తెరిచింది. శాస్త్రవేత్త ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఆ విద్య ఏ దారిన నడుస్తుందో ముందే తేలిపోదు. దాని రూపమే కొంత నిర్ణయిస్తుంది.

విత్తనం వెనక ఎరువు వచ్చింది, ఎరువు వెనక మందు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్త పురుగుమందులు పత్తి చేలకు చేరాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ వంటివి. మొదట్లో అవి చూపించిన ఫలితం మాటల్లో చెప్పలేనిది. సాయంత్రం కొడితే తెల్లారేసరికి పురుగు నేల మీద ఉండేది. వాటిని అమ్మే కొట్టు రైతుకు అప్పిచ్చేది. అప్పిచ్చినవాడే సలహా ఇచ్చేవాడు. చాలా చోట్ల ఆ కొట్టతనే పంట కొనేవాడు, లేదా కొనేవాడికి బంధువు. రైతు వెళ్లి పురుగు పట్టిన గూడ ఒకటి చూపిస్తే, కొట్టతను సిగరెట్టు పెట్టె అట్ట వెనక రెండు మందుల పేర్లు రాసిచ్చేవాడు. ఆ చీటీ మీద తేదీ ఉండదు, సంతకం ఉండదు. మన ప్రాంతంలో అత్యధిక సంఖ్యలో రైతులకు అందిన శాస్త్రీయ సలహా రూపం అది: సంతకం లేని చీటీ.

4

1987-88 సీజను గురించి ఇప్పుడు చెప్పాలి. అంతకు రెండు మూడేళ్ల ముందు నుంచే తెల్లదోమ పత్తిని పీడిస్తోంది. పైరిత్రాయిడ్లు అతిగా కొట్టటంతో తెల్లదోమను తినే మిత్రపురుగులు చచ్చి, అది మరింత పెరిగింది. ఆ ఏడు దానికి తోడు శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. ఏ మందుకూ లొంగలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు కట్టెలై నిలిచాయి. ఆ సంవత్సరమే ఈ జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారిగా రాష్ట్రమంతా వినిపించాయి. చాలామంది ఆ పురుగుమందే తాగారు. పురుగుకు పనిచేయని మందు మనిషికి పనిచేసింది.

నేను అప్పటికి కొత్తగా కాలేజీలో చేరాను. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, వరసకు బాబాయి అయ్యే ఒక కౌలు రైతు నన్ను చేలోకి తీసుకుపోయాడు. నాలుగెకరాల కౌలు. అప్పటికి ఇరవై సార్లకు పైగా మందు కొట్టాడు. గట్టు మీద నాలుగు రకాల సీసాలున్నాయి. నాలుగింటికీ నాలుగు పేర్లు, నాలుగు రంగుల బొమ్మలు. ఎక్కడో సభలో పంచారట, చేతిలో మడత పెట్టిన కరపత్రం ఒకటుంది. 'తెలుగు మేష్టరువి గదా, ఇది చదివి చెప్పు అబ్బాయ్, ఇందులో ఏదో జాగ్రత్త రాశారంట' అన్నాడు.

నేను చదివాను. ఆ భాష నాకు ఇప్పటికీ జ్ఞాపకముంది. ఒకే వర్గమునకు చెందిన కీటకనాశినులను అనుక్రమముగా వినియోగింపరాదు, అనే ధోరణిలో ఒక వాక్యం ఉంది. ప్రతి అక్షరం చదవగలిగాను. వ్యాకరణం చెప్పగలిగాను. 'వర్గం' అన్న మాట మీద ఆ రోజుల్లో నేను గంటసేపు ఉపన్యసించగలను కూడా. కాని సీసాలకు వర్గాలుంటాయని నాకు తెలియదు. ఆ నాలుగు సీసాలూ పేర్లు వేరైనా ఒకే జాతి మందులని, ఒకదానికి అలవాటు పడిన పురుగు మిగతా మూడింటికీ చావదని, ఆ వాక్యం సరిగ్గా ఆ గట్టు మీది సీసాల గురించే చెబుతోందని నాకు తట్టలేదు. 'ఒకటే మందు మళ్లీ మళ్లీ కొట్టొద్దంటున్నారు బాబాయ్. నువ్వు నాలుగు రకాలు మార్చి కొడుతున్నావు గదా, ఫర్వాలేదు' అన్నాను.

ఆయన మరి మూడుసార్లు కొట్టాడు.

ఈ తప్పును నేను కరపత్రం రాసినవాళ్ల మీద నెట్టి తప్పించుకోలేను. వాళ్లు విషయం తెలిసి, భాష తెలియక రాశారు. నేను భాష తెలిసి, విషయం తెలియక చదివాను. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పంట పోయింది. ఆయన ప్రాణం నిలిచింది, అంతవరకు మేలు. ఎడ్ల జత అమ్మి కొట్టు బాకీలో కొంత తీర్చి, కౌలు వదిలి, మరుసటి ఏడు గుంటూరు వెళ్లి మిర్చి యార్డులో హమాలీగా చేరాడు.

5

ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకుపోయిన శనగపచ్చ పురుగులు పైరిత్రాయిడ్లను తట్టుకునే శక్తి సంపాదించాయని బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1989లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. మంచి పరిశోధన. తర్వాత ఈ విషయం మీద దేశంలో జరిగిన పనికి అది ఆధారమైంది. కాని ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. పురుగు మందుకు లొంగటం లేదని మా బాబాయికి 1987లోనే తెలుసు. ఆ జిల్లాల్లోని వేలాది రైతులకు తెలుసు. ఆ తెలివిడిని నమోదు చేసే పుస్తకం లేదు, అడిగే మనిషి లేడు. ప్రయోగశాలలో రుజువైతే అది జ్ఞానం, గట్టు మీద అనుభవమైతే అది గోడు. నైపుణ్యం పంచుకోవటమంటే పైనుంచి కిందికి పోయటమే అనుకున్నంత కాలం ఈ తేడా పోదు.

శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకు కూర్చున్నారనటం కూడా న్యాయం కాదు. తెల్లదోమను తట్టుకునే కాంచన, ఎల్.కె. 861 వంటి పత్తి రకాలు లాం నుంచే వచ్చాయి. ఇవి హైబ్రిడ్లు కావు. గింజ దాచుకోవచ్చు, మందు ఖర్చు తగ్గుతుంది. సరిగ్గా ఆ కారణాల చేతనే వాటిని గోడల మీద రంగుల్లో రాయించే కంపెనీ ఉండదు. అమ్మకానికి ఎక్కువ వీలున్న జ్ఞానానికి గొంతు ఎక్కువ. అమ్మకానికి వీలులేని జ్ఞానం ఎంత మంచిదైనా మెల్లగా మాట్లాడుతుంది.

2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మహికో-మాన్‌శాంటో వారి బీటీ పత్తికి అనుమతినిచ్చింది. కాయతొలుచు పురుగును చంపే విషాన్ని తయారుచేసే జన్యువు విత్తనంలోనే ఉంటుంది. మందు సీసాల బాధ పడ్డ రైతు దాన్ని ఆశతో చూడటం సహజం. మొదటి ఏళ్లలో కాయతొలుచు పురుగు మందుల వాడకం తగ్గిన మాటా నిజం. కాని 450 గ్రాముల పాకెట్టు ధర పద్దెనిమిది వందల యాభై రూపాయల దాకా పోయింది. అందులో పన్నెండు వందల యాభై ఆ జన్యువు మీద హక్కు సొమ్ము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార పద్ధతుల కమిషను ముందుకు వెళ్లి పోరాడితేనే పాకెట్టు ధర ఏడువందల యాభైకి దిగింది. అంతకుముందు 2005లో, ఆ కంపెనీ తొలి బీటీ రకాలు మూడింటికి మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు. విత్తనం విఫలమైన చోట రైతుకు పరిహారం ఇవ్వాలని ప్రభుత్వం అడిగింది. నష్టంలో వాటా అనే మాట ఈ చరిత్రలో గట్టిగా వినపడిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకీ అలవాటు పడింది. 1987 కథ మరో వేషంలో తిరిగి వచ్చింది.

ప్రభుత్వ సంస్థలు సొంతంగా బీటీ పత్తి తయారుచేసే ప్రయత్నం కూడా జరిగింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ, ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తదితరులు కలిసి రూపొందించిన బికనేరి నర్మా బీటీ 2009లో విడుదలైంది. గింజ దాచుకోవచ్చన్నది దాని గొప్ప. అదే ఏడాది చివర దాన్ని ఆపేశారు. అందులో కంపెనీ జన్యువు కలిసి ఉందని తేలింది. ఈ వ్యవహారం మీద సోపోరి కమిటీ 2012లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ విజ్ఞానం తన కాళ్ల మీద నిలబడే శక్తిని నిర్లక్ష్యం చేసి, తర్వాత భాగస్వామ్యానికి కూర్చుంటే సమానుడిగా కూర్చోలేదు. ఇది అందులోని పాఠం.

6

అయితే విశ్వవిద్యాలయం తలుపులు మూసుకుని, కంపెనీతో గాని బోర్డుతో గాని మాట్లాడకూడదా? అలా అనే మిత్రులున్నారు. నేను అనను. మిరప సంగతే చూడండి. 2003లో ఫ్రాన్సులో మన దేశపు కారంలో సుడాన్ రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో ఆ కల్తీ వల్ల వందలాది తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. రంగు కలిపింది రైతు కాదు, కాని ఆ మచ్చ కాయ మీద పడింది. కల్లంలో తేమ ఆరకముందే కుప్ప పోస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరపు దేశాలు కిలోకు పది మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోవు. దీన్ని కంటితో చూసి చెప్పలేం. పరీక్షశాల కావాలి, సుగంధద్రవ్యాల బోర్డు కావాలి, ఆరబెట్టే పద్ధతి నేర్పే విశ్వవిద్యాలయం కావాలి, కొనే వ్యాపారి కూడా కలిసి రావాలి. ఒంటరిగా ఎవరి వల్లా అయ్యే పని కాదు.

కలిసి పనిచేయటం మీద నాకు పేచీ లేదు. షరతుల మీద పేచీ. పంచుకోవటం ఎలా ఉండాలో మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం బి.పి.టి. 5204 అనే వరి రకాన్ని విడుదల చేసింది. జనం దాన్ని సాంబ మసూరి అన్నారు. అది రాష్ట్రాలు దాటింది. రైతు నుంచి రైతుకు గింజగా నడిచింది. విత్తన వ్యాపారి దాన్ని అమ్ముకుని బతికాడు, మిల్లరు బాగుపడ్డాడు, బియ్యం వర్తకుడు బాగుపడ్డాడు. ఎవరికీ హక్కు సొమ్ము కట్టనవసరం లేకపోయింది. వ్యాపారం జరగలేదా? ఎంతో జరిగింది. విద్య అందరిదిగా ఉన్నందువల్లనే అంత జరిగింది.

ఇందుకు ఎదురుగా మరో ఆలోచన ఉంది. అమెరికాలో 1980లో వచ్చిన బే-డోల్ చట్టం, ప్రజాధనంతో చేసిన పరిశోధన మీద విశ్వవిద్యాలయమే పేటెంటు తీసుకుని కంపెనీలకు ఇచ్చే దారి వేసింది. మన దేశంలోనూ అలాంటి బిల్లు 2008లో పార్లమెంటుకు వచ్చింది గాని చట్టం కాలేదు. చట్టం కాకపోయినా ఆ ఆలోచన మన విశ్వవిద్యాలయాల్లోకి ఒప్పందాల రూపంలో ప్రవేశిస్తోంది. విద్యకు మొదట వెల కట్టి, తర్వాత పంచుకోవటం. సాంబ మసూరిని ఆ పద్ధతిలో విడుదల చేసి ఉంటే ఎన్ని చేలకు చేరేదో ఊహించుకోవచ్చు.

7

రాష్ట్ర విభజన తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంకే తరలివచ్చింది. దానికిప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుంది. రాజకీయాల్లో మనలో చాలామందికి ఆయనతో తగాదా ఉన్నా, 1930లలో నిడుబ్రోలులో రైతుల కోసం విద్యాలయం నడిపినవాడాయన. రైతు వినేవాడు మాత్రమే కాదు, చదివి వాదించగలవాడు అని నమ్మిన పేరది. ఆ పేరు బోర్డు మీద ఉంటే చాలదు, ఒప్పంద పత్రాల్లో కూడా ఉండాలి.

2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరినప్పుడు మళ్లీ పాత దృశ్యమే చూశాను. శాస్త్రవేత్తలు చేలకు వచ్చారు, పరిశీలించారు, అడ్డగోలుగా మందులు కొట్టవద్దని చెప్పారు. ఇప్పుడు సలహా సెల్‌ఫోనుకు కూడా వస్తుంది. కాని అప్పిచ్చేవాడు కొట్టులోనే ఉన్నాడు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకటం గగనమైన చోట సలహా ఎక్కడిదైనా చివరి మాట అప్పుదే. తొలకరికి పొలం, పండుగకు బాకీ.

కాబట్టి ఒప్పందం చేసుకునే పెద్దలను మనం మూడు విషయాలు అడగాలి. ఆ పత్రం రైతు చదివి అర్థం చేసుకోగల తెలుగులో ఉందా? అందులో పుట్టే విత్తనం, పద్ధతి రైతు చేతిలో నిలుస్తుందా, ఏటా కొనవలసిందేనా? సలహా వికటిస్తే ఎవరు ఎంత భరిస్తారో రాసుకున్నారా? ఈ మూడో ప్రశ్నకు జవాబు లేని పత్రం నా దృష్టిలో సంతకాలున్న చీటీయే.

రచయితలను, సాహిత్య విద్యార్థులను నేను అడిగేది ఇంకొకటి. పత్తి రైతు చావు మీద మనం కవిత్వం రాశాం, కథలు రాశాం. రాయవలసిందే. కాని ఆ చావుకు ముందు ఆ మనిషి చేతిలో ఉన్న కాగితాన్ని మనం చదివామా? అందులోని 'వర్గము'ను గట్టు మీది మాటలోకి మార్చామా? 'పేరు వేరైనా ఈ నాలుగు సీసాలూ ఒకటే మందు' అన్న ఒక్క వాక్యం ఆ రోజు ఎవరైనా రాసి ఉంటే అది ఆ సంవత్సరపు ఉత్తమ రచన అయ్యేది. విశ్వవిద్యాలయం పంచుకోవలసిన నైపుణ్యాల్లో భాష కూడా ఉంది. తెలుగు శాఖకూ, వ్యవసాయ శాఖకూ మధ్య ఒప్పందం జరిగినట్టు నేను ఎక్కడా చదవలేదు.

చాలా ఏళ్ల తర్వాత గుంటూరు మిర్చి యార్డులో బాబాయిని చూశాను. వయసు మీద పడ్డా ఇంకా టిక్కీలు మోస్తున్నాడు. నన్ను చూసి దించిన గోతం లోంచి ఒక కాయ తీసి, వేళ్ల మధ్య నలిపి, తొడిమ చూసి, 'మూడొందల ముప్పై నాలుగు. లాం ఫారం కాయ. మంచి కాయ అబ్బాయ్' అన్నాడు. అది ఎల్.సి.ఏ. 334. నంబరు తప్పలేదు. ఆ ఫారం విద్యను అంతగా గుర్తుపట్టగల మనిషి, చేను లేక, దాన్ని వీపు మీద మోస్తున్నాడు. ఆ కరపత్రం సంగతి ఆయనకు గుర్తుందో లేదో నేను అడగలేదు. నాకు గుర్తుంది. అందుకే ఇది రాశాను.